మూడు ముద్దలు దిగేదాకా: కొత్తగా తెచ్చుకున్న బాల్ పైథాన్‌ను ఎప్పుడు చేతిలోకి తీసుకోవాలి? ఒక కేస్ స్టడీ

నేను అమెరికాలో పక్షులు, సరీసృపాలు, కుందేళ్ల వంటి చిన్న జీవులను చూసే పశువైద్యశాలలో పనిచేస్తున్నాను. ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలు పెంచుకుంటున్న పాములు కొన్నేళ్లుగా నా దగ్గరకు వస్తున్నాయి. ఆ కుటుంబాలు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఒకటే: "తెచ్చి ఎన్నాళ్లయ్యాక చేతిలోకి తీసుకోవచ్చు?" నేను కూడా చాలాకాలం ఒక అంకె చెప్పి పంపేవాణ్ని. ఆ అంకె ఎందుకు చాలదో నాకు స్పష్టంగా తెలిసిన కేసు ఇది. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను. పాముకు సంబంధించిన బరువులు, రోజుల లెక్కలు మాత్రం నా రికార్డులో ఉన్నవే.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి చదివేవారికి ముందే ఒక మాట. మన దేశపు పాములు, అది నాగుపామైనా జెర్రిపోతైనా కొండచిలువైనా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. వాటిని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. బాల్ పైథాన్ ఆఫ్రికా జాతి అయినా, వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో ఉంది కాబట్టి, ఆ చట్టానికి 2022లో వచ్చిన సవరణ తర్వాత దాన్ని కలిగి ఉన్నవారు ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలి. ఇంట్లోకి పాము వస్తే అటవీశాఖకు గాని, శిక్షణ ఉన్న పాముల సంరక్షకులకు గాని కబురు చేయడమే సరైన పని. ఈ వ్యాసంలో చెప్పేది పెంపకంలో పుట్టి, చట్టప్రకారం కొన్న పాము గురించి మాత్రమే.

నేపథ్యం

నలుగురున్న కుటుంబం: తల్లిదండ్రులు, పదమూడేళ్ల అబ్బాయి, మూడేళ్ల పాప. అబ్బాయి రెండేళ్లు అడిగి అడిగి, చివరికి నవంబరు నెలాఖరులో సరీసృపాల ప్రదర్శనలో ఒక పెంపకందారు దగ్గర బాల్ పైథాన్ పిల్లను కొనిపించుకున్నాడు. పుట్టి అయిదు నెలలు. పెట్టె మీద అంటించిన కాగితంలో బరువు 186 గ్రాములు అని ఉంది.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన చిన్న రకం కొండచిలువ. విషం లేదు. పెద్దదయ్యాక మూడు నుంచి అయిదు అడుగులుంటుంది, బాగా చూసుకుంటే ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. భయపడితే తల మధ్యలో పెట్టుకుని బంతిలా చుట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఘనా, టోగో, బెనిన్ దేశాల మైదానాల్లో పగలంతా చెదపుట్టల్లో, ఎలుకల బొరియల్లో దాగి, చీకటి పడ్డాక వేటకు వస్తుంది. పుట్టలో ఉండే పాము అంటే మనకు కొత్తగా వివరించి చెప్పనక్కర్లేదు. అయినా గాజు తొట్టెలో పెట్టి హాల్లో టీవీ పక్కన ఉంచగానే అది పుట్టలో బతకాల్సిన ప్రాణి అన్న సంగతి మరిచిపోతాం.

ఈ కుటుంబం అజాగ్రత్తగా ఏమీ లేదు. అబ్బాయి చదివి వచ్చాడు. "మొదటి వారం ముట్టుకోకూడదు" అన్న నియమాన్ని క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తుపెట్టి మరీ పాటించారు. ఏడో రోజు గడ్డకట్టించి అమ్మే చిట్టెలుకను కరిగించి పెట్టారు, పాము తినలేదు. అయినా వారం పూర్తయింది కదా అని ఎనిమిదో రోజు నుంచి సాయంత్రం అరగంట, ముప్పావుగంట చేతుల్లో ఉంచుకోవడం మొదలుపెట్టారు. పద్నాలుగో రోజు చిట్టెలుక తిన్నది. ఇల్లంతా సంతోషించింది. మర్నాడు బంధువులు వచ్చారు, పిల్లలందరి చేతుల్లోనూ గంటసేపు తిరిగింది. పదహారో రోజు రాత్రి, తిన్న చిట్టెలుకను సగం అరిగిన స్థితిలో కక్కేసింది. కంగారుపడి ఇరవై ఒకటో రోజున మళ్లీ పెట్టారు, తినలేదు. ఇరవై నాలుగో రోజున నా దగ్గరకు తీసుకొచ్చారు.

మొదటి పరీక్ష

పాము బరువు 171 గ్రాములు, అంటే ఎనిమిది శాతం తగ్గింది. చురుగ్గానే ఉంది, పట్టు గట్టిగానే ఉంది. వెన్నుపూస పైకి తేలలేదు కాని, పక్కల చర్మం కొద్దిగా ముడతలు పడుతోంది, ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. పొలుసుల మధ్య, గడ్డం కింద గాడిలో, కళ్ల చుట్టూ నల్లటి పేలు లేవు. ఊపిరిలో గురక లేదు, ముక్కు దగ్గర చీమిడి లేదు. నోరు తెరవడం పాముకు అన్నిటికంటే కష్టం కలిగించే పని కాబట్టి దాన్ని ఎప్పుడూ చివరికి ఉంచుతాను. చిగుళ్లు శుభ్రంగా, గులాబీ రంగులో ఉన్నాయి. మలద్వారం దగ్గర కడిగి తీసిన నమూనాలో పరాన్నజీవులు కనిపించలేదు. కొండచిలువల ఊపిరితిత్తులను దెబ్బతీసే నిడోవైరస్ కోసం నోటి నుంచి నమూనా పంపాను. వారం తర్వాత లేదని వచ్చింది.

రోగం కనిపించనప్పుడు చూడవలసింది ఇల్లు. తొట్టె ఫొటోలు, కొలతలు అడిగాను. అడుగున వేడినిచ్చే మ్యాటు ఉంది కాని ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేదు. గాజుకు అంటించిన గుండ్రటి థర్మామీటరు 85 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 29 సెల్సియస్) చూపిస్తోంది. అటువంటివి గాజు పక్కనున్న గాలిని కొలుస్తాయి, పాము పొట్ట ఆనే నేలను కాదు. తీగ చివర సెన్సర్ ఉండే డిజిటల్ థర్మామీటరు కొని నేల మీద పెట్టి చూడమన్నాను. ఆ రాత్రే తండ్రి ఫోన్ చేసి చెప్పారు: మ్యాటు పైన 37 డిగ్రీల సెల్సియస్, అవతలి చివర 22. చలికాలం ఇంటి హీటరు వల్ల తేమ 35 శాతం. దాక్కోవడానికి ఒకటే పెట్టె, అదీ వేడి పక్కన. అంటే పాము దాక్కోవాలంటే కాలాలి, చల్లబడాలంటే బయటపడి అందరికీ కనిపించాలి.

నా ముందు నాలుగు అనుమానాలున్నాయి: రోగం, తొట్టె, ఆహారం రకం, మనుషుల చేతులు. మొదటిది దాదాపు తొలగిపోయింది. రెండోది కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. కళ్లకు కనిపించిన కారణం దొరికాక మిగతావాటి మీద పట్టు సడలుతుంది. నా విషయంలో జరిగింది అదే.

మొదట చేసినది, ఎందుకు చేశాను

థర్మోస్టాట్ పెట్టించి వేడి పక్క నేలను 32 డిగ్రీలకు, చల్లటి పక్కను 25, 26 డిగ్రీలకు తెచ్చాము. రెండు పక్కలా ఒకే రకం దాగుడుపెట్టెలు, ఒంటికి నాలుగు వైపులా ఆనేంత ఇరుకుగా ఉన్నవి, పెట్టించాము. తొట్టెకు మూడు పక్కల నల్లటి కాగితం అంటించారు. కొబ్బరిపీచు పొడి పరిచి నీళ్లు చల్లి తేమను 60 శాతానికి చేర్చారు.

బలవంతంగా తినిపించమని తల్లి అడిగారు. బిడ్డ తినకపోతే తల్లి పడే బాధే అది, నాకు అర్థమైంది. కాని వద్దన్నాను. ఎనిమిది శాతం తగ్గి చురుగ్గా ఉన్న పాముకు ప్రాణాపాయం లేదు. నోరు తెరిచి ఎలుకను తోయడం అంటే ఏ భయం వల్ల తినడం మానిందో ఆ భయాన్నే పదింతలు చేయడం. పైగా అది కక్కి ఎనిమిది రోజులే అయింది. కక్కినప్పుడు జీర్ణరసాలు పోతాయి, అన్నవాహిక పొర కూడా దెబ్బతింటుంది. అది మానడానికి కనీసం రెండు వారాలు కడుపు ఖాళీగా ఉంచాలి. అందుకని ముప్పయ్యో రోజు వరకు ఏమీ పెట్టవద్దన్నాను.

చేతిలోకి తీసుకోవడం గురించి నేనిచ్చిన సలహానే ఈ కేసులో తప్పు. పూర్తిగా మానమని చెప్పలేదు. "రోజు విడిచి రోజు, పది నిమిషాలు చాలు" అన్నాను. నా ఆలోచన ఇలా సాగింది: తొట్టె లోపాలు ఇంత పెద్దవిగా ఉన్నప్పుడు పది నిమిషాల స్పర్శ వల్ల పెద్ద నష్టముండదు. అబ్బాయి కన్నీళ్ల మీదున్నాడు, ముట్టుకోవద్దంటే వాడికి పాము మీద ఆసక్తి పోతుందేమో. బరువు చూడటానికి ఎలాగూ తీయాలి కదా. ఈ మూడు కారణాల్లో రెండు అసలు పాముకు సంబంధించినవే కావు.

ఫలించనివి

ముప్పయ్యో రోజున చిన్న చిట్టెలుక పెట్టారు. తినలేదు. అబ్బాయి చేత పెంపకందారుకు ఫోన్ చేయించాను. ఆ పిల్లకు మొదటి నుంచి పెట్టింది చిట్టెలుకలు కావని, ఎలుక పిల్లలని, అవీ బతికున్నవని తెలిసింది. బాల్ పైథాన్లు వాసన విషయంలో పట్టుదల గలవి. ఒక రకానికి అలవాటుపడిన పిల్ల మరొకదాన్ని ఆహారంగా గుర్తించకపోవచ్చు. కొన్న రోజునే అడగవలసిన ప్రశ్న ఇది. మేమంతా నెల దాటాక అడిగాం. బతికున్న ఎలుకను పెడదామా అని తండ్రి అడిగితే వద్దన్నాను. ఆకలి లేని పాము పక్కన ఎలుకను వదిలితే అది పామును కొరికి ఎముక కనిపించేలా గాయం చేసిన కేసులు నేను చూశాను.

ముప్పై ఏడో రోజున కరిగించిన ఎలుక పిల్లను వెచ్చబెట్టి, పటకారుతో పాము ముందు కదిలించారు. పాము మీదికి దూకింది. "తింటోంది" అని అరుపులు వినిపించాయి ఆ వీడియోలో. కాని తినలేదు. నేనా వీడియోను నాలుగైదుసార్లు, చివరికి నెమ్మదిగా నడిపించి చూశాను. మెడ ఎస్ ఆకారంలో వెనక్కి లాగి ఉంది. దూకి తాకింది, తాకీ తాకగానే వెనక్కి వెళ్లిపోయింది. ఆకలితో దూకే పాము పట్టిన నోరు వదలదు, క్షణంలో ఒళ్లు చుట్టేస్తుంది. ఇది పట్టలేదు, చుట్టలేదు. అది వేట కాదు, "దగ్గరకు రావద్దు" అనడం.

నా ఫోనులో అబ్బాయి పంపిన మరో వీడియో ఉంది, చేతిలో ఉన్నప్పటిది. "చూడండి అంకుల్, నా చేతిలో ఎంత ప్రశాంతంగా ఉంటుందో" అని రాశాడు. పాము అరచేతిలో ముద్దగా ఉంది. తల చుట్టల కింద దాచుకుంది. ఆ నిమిషంన్నరలో నాలుక ఒక్కసారి కూడా బయటికి రాలేదు. పాముకు నాలుకే ముక్కు. పరిసరాలు తెలుసుకోదలచిన పాము మెల్లమెల్లగా నాలుక ఆడిస్తుంది. కదలక, నాలుక ఆడించక, తల దాచుకున్న పాము ప్రశాంతంగా లేదు, బిగుసుకుపోయి ఉంది. గద్ద కాళ్ల మధ్య చిక్కిన ప్రాణి అలాగే ఉంటుంది. నెలరోజులుగా ఇంటిల్లిపాదీ ఆ భయాన్నే మచ్చిక అనుకున్నారు. పది నిమిషాలకు అనుమతి ఇచ్చిన నేను, "చేతిలో ఎలా ఉంటుంది?" అని అడిగినప్పుడు "బాగుంటుంది" అన్న జవాబుతో తృప్తిపడ్డాను. వీడియో అడగలేదు.

అమ్మమ్మ గారు చెప్పినది

ముప్పై తొమ్మిదో రోజున రెండోసారి వచ్చారు. బరువు 167 గ్రాములు, తగ్గుదల పదిశాతం దాటింది. పిల్ల పాముల్లో ఆ గీత దాటితే నేను ఊరుకోను. ఆ రోజు వాళ్లతో పాటు అబ్బాయి అమ్మమ్మ గారు వచ్చారు. వారం కిందటే ఆంధ్ర నుంచి వచ్చారట, ఇంకా రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదట. ఆమె మూలనున్న కుర్చీలో, పాము పెట్టెకు వీలైనంత దూరంగా కూర్చున్నారు. మేమంతా ఎలుకల సైజు గురించి మాట్లాడుకుంటుంటే ఉన్నట్టుండి అన్నారు:

"పగలు అది బయటికే రాదు బాబూ. రాత్రి ఒంటిగంట దాటాక వస్తుంది. నాలుక ఆడించుకుంటూ ఆ పెట్టె నుంచి ఈ పెట్టెకు తిరుగుతుంది. మంచినీళ్లకని నేను లైటు వేస్తే మళ్లీ దూరిపోతుంది. వీళ్లేమో సాయంత్రం దీపాలన్నీ పెట్టి, నలుగురూ ఎదురుగా కూర్చుని పెడతారు. అట్లా చూస్తూ కూర్చుంటే ఎవరికి మాత్రం ముద్ద దిగుతుంది?"

ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఇది. నేను అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చిన ముగ్గురూ ఆ వేళకు నిద్రలో ఉంటారు. ఆమె మాటతో రెండు సంగతులు తేలాయి. పాముకు తిరుగాడే ఓపిక ఉంది, అంటే లోపల రోగమేదో ఉందన్న నా మిగిలిన అనుమానం పలచబడింది. రెండోది, మనుషులు లేనప్పుడు అది మామూలు పాములాగే ఉంటోంది. తొట్టె సరిదిద్ది పదిహేను రోజులైంది. ఆహారం సరిదిద్దాం. ఇక మిగిలింది మా చేతులే.

తీరు మార్చడం

ఆ రోజు నుంచి పామును ఎవరూ ముట్టుకోకూడదని చెప్పాను. పది నిమిషాలు కాదు, ఒక్క నిమిషం కూడా వద్దన్నాను. నీళ్ల గిన్నె పగటిపూట, పాము పెట్టెలో ఉన్నప్పుడు మార్చాలి. మలం ఉంటే పొడవాటి పటకారుతో తీయాలి. తొట్టెను హాల్లోంచి అమ్మమ్మ గారి గదికి ఆనుకుని ఉన్న, జనం తిరగని మూలకు మార్చారు. సాధారణంగా ఇటువంటి సమయంలో తొట్టె కదిలించడం నాకిష్టం ఉండదు. కాని టీవీ పక్కన ఇంకో నెల ఉంచడం కన్నా ఒక్కసారి కదిలించడమే నయమనిపించింది.

బరువు ఎలా చూడాలి అన్నది చిక్కు. అబ్బాయే ఉపాయం చెప్పాడు. అడుగు, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు పక్కన కంత చేసి దాన్నే దాగుడుపెట్టెగా వాడితే, పాము లోపల ఉండగా డబ్బానే ఎత్తి తూకం మీద పెట్టవచ్చు. ఖాళీ డబ్బా బరువు తీసేస్తే సరిపోతుంది. పాముకు చెయ్యి తగలదు. ఆ ఉపాయాన్ని ఇప్పుడు నా దగ్గరకు వచ్చే వారందరికీ చెబుతున్నాను. తూకం మాత్రం వంటింటిది కాకుండా వేరేది కొనిపించాను. పాముల మలంలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. అయిదేళ్ల లోపు పిల్లలకు, అరవై అయిదు దాటిన వారికి అది ప్రమాదకరం. ఈ ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. నీళ్ల గిన్నె వంటింటి సింకులో కడగకూడదు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, పాప ఆ మూలకు పోకూడదు అన్నవి ఖచ్చితంగా పెట్టాము.

పన్నెండు రోజులు గడిచి మళ్లీ పెడదాం అనుకునే వేళకు సంక్రాంతి వచ్చింది. ఇంటినిండా అతిథులు. అబ్బాయే ఫోన్ చేసి "రెండ్రోజులు ఆగుదామా?" అని అడిగాడు. వాడు రోజులు లెక్కపెట్టడం మాని పాము వైపు నుంచి ఆలోచించడం మొదలైంది అక్కడేనని నా నమ్మకం. యాభై రెండో రోజు రాత్రి పదకొండింటికి తొమ్మిది గ్రాముల ఎలుక పిల్లను వేడినీళ్లలో వెచ్చబెట్టి, తుడిచి, చిన్న పళ్లెంలో దాగుడుపెట్టె ద్వారం ముందు పెట్టి, దీపాలార్పి అందరూ పడుకున్నారు. పటకారుతో ఆడించలేదు, ఎవరూ తొంగిచూడలేదు. పాము బరువులో అయిదు శాతమే ఉన్న పిల్లను ఎంచుకోవడానికి కారణం, కక్కిన కడుపుకు మొదటి ముద్ద చిన్నదిగా ఉండాలని. తెల్లవారి పళ్లెం ఖాళీగా ఉంది.

అప్పుడే చేతిలోకి తీసుకోవచ్చా అని తండ్రి అడిగారు. ఆయన సందేహం సహజమే, తిన్నది కదా మరి. ఎందుకు వద్దన్నానో వివరించాను. పాము తినడం మన భోజనం లాంటిది కాదు. బర్మీస్ కొండచిలువల మీద జరిగిన పరిశోధనల్లో తేలినదేమిటంటే, ఖాళీగా ఉన్నప్పుడు వాటి కడుపులో ఆమ్లం దాదాపు ఉండదు. తిన్నాకే ఆమ్లం ఊరుతుంది, పేగు బరువు రెట్టింపవుతుంది, గుండె సైతం రెండు రోజుల్లో నలభై శాతం పెరుగుతుంది. ఒళ్లంతా ఒక కొత్త పనికి సిద్ధమవుతుంది. ఆ సమయంలో వెచ్చని చోటు నుంచి ఎత్తి చల్లటి చేతుల్లో పెట్టి, భయపెడితే దాని ముందున్న దారి ఒకటే: బరువు దించుకుని పారిపోవడానికి సిద్ధపడటం. పదహారో రోజున జరిగింది అదే. రెండోది, ఒకసారి తినడం ఆకలి వల్ల కావచ్చు. ఆ చోటు క్షేమమని పాముకు నమ్మకం కుదిరిందనడానికి వరుసగా మూడుసార్లు, తనంత తానుగా తిని, అరిగించుకుని, మలం వేయాలి.

యాభై తొమ్మిదో రోజున పన్నెండు గ్రాముల పిల్లను తిన్నది. అరవై మూడో రోజున కళ్లు నీలంగా మసకబారాయని అబ్బాయి రాసుకున్నాడు. కుబుసం విడవబోయే పాముకు చూపు మందగిస్తుంది, ఒళ్లు సున్నితంగా ఉంటుంది, ఆ రోజుల్లో పెట్టనూ వద్దు, ముట్టనూ వద్దు. డెబ్బై ఒకటో రోజున కుబుసం కళ్లపొరలతో సహా ఒకే ముక్కగా విడిచింది. తేమ సరిపోయిందనడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు. డెబ్బై నాలుగో రోజున మూడో ఆహారం. బరువు 181 గ్రాములు.

అప్పుడు చెయ్యి

మూడో ఆహారం తర్వాత మూడు రోజులాగి, డెబ్బై ఏడో రోజున మొదలుపెట్టాము. సాధారణంగా 48 గంటలు చాలంటారు. కక్కిన చరిత్ర ఉంది కాబట్టి 72 పెట్టుకున్నాను. మొదటి వారం ఎత్తడం లేదు. సాయంత్రం పొద్దుపోయాక అబ్బాయి తొట్టె తలుపు తీసి, కడుక్కున్న చెయ్యిని నేల మీద కదలకుండా ఐదు నిమిషాలు ఉంచాలి. వస్తే రానీ, రాకపోతే లేదు. నాలుగో సాయంత్రం పాము తల బయటపెట్టి, అరచేతికి బెత్తెడు దూరం నుంచి చాలాసేపు నాలుక ఆడించి, వెనక్కి వెళ్లిపోయిందట. వాడు ఆ రాత్రి నాకు రాసిన నాలుగు వాక్యాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి.

ఎనభై ఒకటో రోజున నాలుగో ఆహారం తిన్నది. ఎనభై నాలుగో రోజున మొదటిసారి ఎత్తారు. ఎత్తే ముందు చుట్టిన కాగితంతో ఒంటి మధ్యభాగాన్ని మెల్లగా తాకాలి. వచ్చేది ఆహారం కాదని పాముకు తెలియడానికి అది గుర్తు. పైనుంచి చెయ్యి వాలనివ్వకుండా, పక్కనుంచి ఒంటి కిందికి పోనిచ్చి, రెండు చోట్ల ఆధారమిచ్చి ఎత్తాలి. మూడు నిమిషాలు. బిగుసుకోకముందే తిరిగి పెట్టెలో దింపాలి. వారానికి రెండుసార్లకు మించకూడదు. ఎనభై ఎనిమిదో రోజున తిన్నది, అంటే మూడు నిమిషాలను తట్టుకున్నది.

తొంభై ఒకటో రోజున బాగా అలవాటైంది కదా అని తండ్రి పావుగంట ఉంచుకున్నారు. తొంభై ఐదో రోజున పాము ఆహారం ముట్టలేదు. ఆయన నొచ్చుకుంటూ ఫోన్ చేశారు. నొచ్చుకోవలసిందేమీ లేదని, పాము సమాధానం చెప్పిందని, ఒక మెట్టు దిగుదామని అన్నాను. వారం రోజులు మళ్లీ నేల మీద చెయ్యి మాత్రమే. నూట రెండో రోజున తిన్నది. అక్కడి నుంచి నిమిషాలు పెంచింది రెండేసి చొప్పున, అదీ ప్రతి పెంపు తర్వాత ఆహారం తిన్నాకే.

ఆరు నెలలు నిండేసరికి 305 గ్రాములకు చేరింది. వారానికి రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాలు అబ్బాయి చేతుల మీద పాకుతుంది. చివరిసారి నా బల్ల మీద అది ఒక వేలి మీంచి మరో వేలికి, నాలుక మెల్లగా ఆడిస్తూ, తోక వదులుగా వేలాడేసి నడిచింది. బంతిలా చుట్టుకోలేదు.

నేర్చుకున్నవి

వారం ఆగాలన్న నియమం తప్పు కాదు. తొట్టె సరిగ్గా ఉండి, అలవాటైన ఆహారమే దొరికి, మొదటి వారంలోనే తిన్న పాముకు అది సరిపోతుంది. అసలు ఆ నియమం పుట్టిందే అటువంటి పాములను చూసి. కాని అది గడువును చెబుతుంది, గడువు తీరేలోగా ఏం జరగాలో చెప్పదు. ఏడో రోజున తినని పామును ఎనిమిదో రోజున ఎత్తడం ఆ నియమం ప్రకారం తప్పు కాదు, పాము ప్రకారం తప్పు. అందుకని నేనిప్పుడు రోజులు చెప్పడం మానేశాను. వరుసగా మూడుసార్లు తినాలి, మూడోది తిని మూడు రోజులు గడవాలి, కళ్లు తేటగా ఉండాలి, అప్పుడు మొదలు పెట్టాలి. కొన్ని పాములకు ఇది నాలుగు వారాలు, ఈ పాముకు పదకొండు వారాలు పట్టింది. పెద్ద బాల్ పైథాన్లు, ముఖ్యంగా మగవి, చలికాలంలో నెలల తరబడి ఆరోగ్యంగానే ఉపవాసం ఉంటాయి. వాటికి ఈ లెక్క యథాతథంగా వర్తించదు, బరువు చూసి నిర్ణయించాలి. నేను చెబుతున్నది పిల్లల గురించి.

ఒకేసారి మూడు మార్పులు చేశారు కదా, తినడానికి కారణం ఏదని మీరెలా చెప్పగలరు అని తోటి వైద్యులొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. తొట్టె మార్చి పదిహేను రోజులైనా తినలేదు, ఎలుక మార్చినా తినలేదు, చేతులు తీసేశాక తిన్నది. రాత్రివేళ, చీకటి కూడా తోడయ్యాయి కాబట్టి చేతులొక్కటే కారణమని అనను. కాని తొంభై ఒకటో రోజు పావుగంట, తొంభై ఐదో రోజు నిరాకరణ, మెట్టు దిగాక మళ్లీ తినడం, ఈ వరుసలో తొట్టె, ఎలుక, వేళ ఏవీ మారలేదు. మారింది చెయ్యి మాత్రమే.

పిల్లవాడి ఆసక్తి పోతుందేమోనన్న నా భయం కూడా తప్పే అయింది. ముట్టుకోకూడని ఆ ఐదు వారాల్లో వాడు పాము గురించి నేర్చుకున్నది అంతకుముందు నెలన్నరలో నేర్చుకున్నదానికి ఎన్నో రెట్లు. ఏ రాత్రి ఎన్నింటికి బయటికి వచ్చింది, ఏ పెట్టెలో ఎన్ని గంటలుంది, తేమ ఎంత, మలం ఎప్పుడు, అన్నీ వాడి నోటుబుక్కులో ఉన్నాయి. రాత్రి వివరాలు అమ్మమ్మ గారు చెబితే పొద్దున్నే రాసుకునేవాడు. ఆమె ఫిబ్రవరి దాకా పామును ముట్టుకోలేదు, తర్వాత కూడా ముట్టుకోలేదు. కాని ఊరికి బయల్దేరే ముందు నా దగ్గరకు వచ్చినప్పుడు, ఆఖరి కుబుసం ఎప్పుడు విడిచిందని నేను అడిగితే అబ్బాయి పుస్తకం తెరిచేలోపే తేదీ చెప్పారు.

మా క్లినిక్‌లో పాముల కోసం నింపించే కాగితంలో అప్పటి నుంచి మూడు ప్రశ్నలు చేర్చాను: అమ్మినవారు ఏ ఆహారం, ఏ రూపంలో పెట్టేవారు? చేతిలో ఉన్నప్పటి వీడియో ఉందా? రాత్రిపూట ఆ గదివైపు వెళ్లేది ఎవరు? మూడోదానికి జవాబుగా ఎవరి పేరు రాస్తే, వీలైతే వారిని కూడా వెంట తీసుకురమ్మని అడుగుతున్నాను.